కూరగాయలలో పురుగుమందుల అవశేష పరీక్ష: ఉద్దానం నేపథ్యంలో నివేదిక భాష, దాని పరిమితులు

వ్యాససంగ్రహం

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలో ప్రబలిన దీర్ఘకాలిక మూత్రపిండాల వ్యాధికి కారణాలుగా అనుమానిస్తున్నవాటిలో పురుగుమందులు కూడా ఉన్నాయి. అందువల్ల అక్కడి నీరు, నేల, ఆహారపదార్థాల పరీక్షాఫలితాలపై ప్రజలలో ఆసక్తి, ఆందోళన రెండూ ఎక్కువ. కూరగాయలలో పురుగుమందుల అవశేషాలను ప్రయోగశాలలో ఎలా గుర్తిస్తారు, ఆ పద్ధతికి అందనివి ఏవి, నివేదికలోని పదాలను తెలుగులో ఎలా అర్థం చేసుకోవాలి అనే మూడు అంశాలను ఈ వ్యాసం వివరిస్తుంది. నివేదిక తనను అడిగిన ప్రశ్నకే జవాబిస్తుందని, 'గుర్తించబడలేదు' అన్న మాటను 'లేదు' అని అనువదించడం వల్ల ఉద్దానం వంటి చోట అపార్థాలకు తావు ఏర్పడుతుందని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: అవశేషం, గరిష్ఠ అవశేష పరిమితి, నమూనా, బహుళ అవశేష పరీక్ష, ఉద్దానం, మూత్రపిండాల వ్యాధి.

1. ప్రవేశిక

హౌరా–చెన్నై రైలుమార్గంలో తిలారు, హరిశ్చంద్రపురం, కోటబొమ్మాళి, నౌపడ, పూండి స్టేషన్లు దాటి పలాస చేరేసరికి భూదృశ్యం మారుతుంది. వరిపొలాల స్థానంలో కొబ్బరి, జీడిమామిడి, పనస తోటలు కనిపిస్తాయి. ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట, కంచిలి, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాలలో సముద్రతీరం వెంట విస్తరించిన ఈ తోటల సీమకే ఉద్దానం అని పేరు. 'ఉద్యానం' అనే మాటే ఇలా మారిందని స్థానికుల వాడుక.

పచ్చదనానికి పేరుపడిన ఈ ప్రాంతం గత రెండు దశాబ్దాలుగా మూత్రపిండాల వ్యాధి వల్లనే ఎక్కువగా వార్తలలో నిలుస్తున్నది. మధుమేహం, అధిక రక్తపోటు వంటి సాధారణ కారణాలు కనిపించనివారిలోనూ మూత్రపిండాలు క్రమంగా దెబ్బతినడం ఈ వ్యాధి ప్రత్యేకత. ఉద్దానంలో 2,210 మందిని పరీక్షించి చేసిన ఒక అధ్యయనం 2019లో 'కిడ్నీ ఇంటర్నేషనల్ రిపోర్ట్స్' పత్రికలో వెలువడింది. పరీక్షించినవారిలో సుమారు 18 శాతం మందికి దీర్ఘకాలిక మూత్రపిండాల వ్యాధి ఉన్నట్లు ఆ అధ్యయనం తెలిపింది. తాగునీటిలోని ఖనిజాలు, భారలోహాలు, ఎండలో శ్రమించేటప్పుడు కలిగే నిర్జలీకరణం, నొప్పి నివారణ మాత్రల వాడకం, జన్యుపరమైన అంశాలు, పురుగుమందులు ఇలా అనేక అనుమానాలు చర్చలో ఉన్నాయి. వ్యాధికి ఫలానాదే కారణమన్న నిర్ధారణ మాత్రం జరగలేదు.

ఇటువంటి స్థితిలో 'కూరగాయలను పరీక్షించారు, ఏమీ లేదని తేలింది' అన్న వాక్యం గానీ, 'పరీక్షించారు, విషం బయటపడింది' అన్న వాక్యం గానీ సామాన్యమైన వార్త కాదు. మొదటిది ఒక అనుమానాన్ని తొందరపడి కొట్టివేయగలదు. రెండవది స్థానిక రైతు పండించిన పంటను సంతలో ఎవరూ కొనకుండా చేయగలదు. కాబట్టి ఆ వాక్యాల వెనుక జరిగే పనిని తెలుసుకోవడం అవసరం.

2. 'మందు' అనే మాట: పరీక్షకు తొలి సమాచారం

తెలుగులో 'మందు' అనే పదానికి అర్థవిస్తృతి ఎక్కువ. రోగాన్ని నయం చేసేది మందే, పురుగును చంపేదీ మందే. సేద్యపు వాడుకలో పురుగుమందు, తెగుళ్లమందు, గడ్డిమందు, గుళికలమందు అన్నీ 'మందు' అనే మాటలో ఇమిడిపోతాయి. 'మందు కొట్టాం' అని రైతు చెప్పినప్పుడు విన్నవారికి పని అర్థమవుతుంది గాని పదార్థం అర్థం కాదు.

ప్రయోగశాలకు కావలసింది పదార్థం పేరు. పురుగుమందులు రసాయనికంగా ఒకే కుటుంబానికి చెందినవి కావు. ఎండోసల్ఫాన్ వంటి ఆర్గానోక్లోరిన్లు, మోనోక్రోటోఫాస్, క్లోర్‌పైరిఫాస్ వంటి ఆర్గానోఫాస్ఫేట్లు, సైపర్‌మెత్రిన్ వంటి పైరిత్రాయిడ్లు, ఇమిడాక్లోప్రిడ్ వంటి నియోనికోటినాయిడ్లు, మాంకోజెబ్ వంటి డైథయోకార్బమేట్లు, గ్లైఫోసేట్ వంటి కలుపుమందులు ఒక్కొక్కటీ ఒక్కొక్క స్వభావం కలవి. కొన్ని నూనెలో కరుగుతాయి, కొన్ని నీటిలో కరుగుతాయి. కొన్ని వేడికి ఆవిరవుతాయి, కొన్ని వేడికి విచ్ఛిన్నమవుతాయి. అందువల్ల అన్నింటినీ పట్టుకోగల ఒకే పరీక్ష లేదు.

నమూనాతో పాటు పంపే పత్రంలో పిచికారీ చేసిన మందు పేరు, మోతాదు, తేదీ, కోత తేదీ ఉండడం ఈ కారణంగానే ముఖ్యం. ఉద్దానంలో పక్కతోట వివరాలు కూడా ఉండాలి. కొబ్బరిని ఆశించే నల్లతల గొంగళిపురుగు, నల్లి నివారణకు మోనోక్రోటోఫాస్‌ను వేరు ద్వారా ఎక్కించే పద్ధతి చాలాకాలం వాడుకలో ఉండేది. అలా ఎక్కించిన తరువాత 45 రోజుల వరకు కాయలు దింపరాదని సిఫారసు. అదే మందును కూరగాయలపై వాడరాదని కేంద్రప్రభుత్వం 2005లోనే నిషేధించింది. కొబ్బరిచెట్ల నడుమ అంతరపంటలు వేసే సీమలో ఒక పంటకు తెచ్చిన మందు మరొక పంటపైకి చేరే అవకాశాన్ని పరీక్షకుడు గుర్తుంచుకోవలసి ఉంటుంది.

3. నమూనా సేకరణ

పరీక్ష యంత్రం దగ్గర మొదలుకాదు, పొలంలోనో సంతలోనో మొదలవుతుంది. అంతర్జాతీయ ఆహార ప్రమాణాల సంస్థ కోడెక్స్ మార్గదర్శకాల ప్రకారం వంకాయ, టమాట వంటి మధ్యరకం కాయలైతే కనీసం పది కాయలు, మొత్తం కిలోకు తగ్గకుండా తీసుకోవాలి. సొర, గుమ్మడి వంటి పెద్దకాయలైతే కనీసం అయిదు కాయలు, రెండు కిలోలకు తగ్గకుండా ఉండాలి. వాటిని మడిలో ఒకేచోట నుంచి గాక వేర్వేరు చోట్ల నుంచి ఏరాలి. పిచికారీ అన్ని మొక్కలపై సమంగా పడదు కాబట్టి ఒక్క కాయను పరీక్షించి తోటంతటికీ తీర్పు చెప్పడం కుదరదు.

ఇలా కలిపిన నమూనా సగటును మాత్రమే ఇస్తుందన్నది గమనార్హం. పది కాయలలో ఒక్కదానిపై అవశేషం ఎక్కువగా ఉన్నా, కలిపి రుబ్బిన తరువాత అది మిగిలిన తొమ్మిదింటిలో కలిసి పలుచబడుతుంది.

నమూనాను కడగరాదు. వండే ముందు ఇంట్లో కడుగుతారు గదా అన్న ఆలోచనకు ఇక్కడ తావులేదు. చట్టపరమైన పరిమితిని అమ్మకానికి వచ్చిన కాయకు నిర్ణయిస్తారు గాని వండిన కూరకు కాదు. పైగా కాయ ఉపరితలంపై నిలిచే మందు కడిగితే కొంత తగ్గుతుంది గాని, మొక్క లోపలికి ప్రవహించే అంతర్వాహిక మందు కడిగినంత మాత్రాన పోదు.

సేకరించిన నమూనాను చల్లగా, త్వరగా ప్రయోగశాలకు చేర్చాలి. వెంటనే పరీక్షించలేకపోతే గడ్డకట్టించి భద్రపరచాలి. ఆలస్యమైతే కొన్ని రసాయనాలు దారిలోనే విచ్ఛిన్నమవుతాయి. అవశేష పరిశోధనలో దీర్ఘకాల అనుభవం గల రాజేంద్రనగర్ ప్రయోగశాలలు పలాసకు ఏడు వందల కిలోమీటర్లకు పైబడిన దూరంలో ఉన్నాయి. వేసవిలో ఆ ప్రయాణం చేసిన నమూనా ఏ స్థితిలో చేరిందో నివేదిక మొదటి పుటలో ఉండవలసిన విషయం.

4. ప్రయోగశాలలో జరిగే పని

చేరిన కాయలను ముక్కలుచేసి, బాగా రుబ్బి ఏకరూపమైన ముద్దగా చేస్తారు. తరువాతి దశలో ప్రపంచవ్యాప్తంగా వాడుకలో ఉన్నది 'కెచర్స్' పద్ధతి. మైకెలాంజెలో అనస్తాసియాడెస్, స్టీవెన్ లెహోటే తదితరులు 2003లో దీనిని ప్రచురించారు. అంతకుముందు ఒక్కొక్క నమూనాకు గంటల తరబడి సమయం, వందల మిల్లీలీటర్ల ద్రావణి ఖర్చయ్యేవి. ఈ పద్ధతి ఆ శ్రమను ఎంతో తగ్గించింది.

పది గ్రాముల ముద్దకు పది మిల్లీలీటర్ల అసిటోనైట్రైల్ చేర్చి గట్టిగా కుదుపుతారు. అవశేషాలు ఆ ద్రావణిలోకి చేరతాయి. నాలుగు గ్రాముల మెగ్నీషియం సల్ఫేటు, ఒక గ్రాము ఉప్పు కలిపి మళ్ళీ కుదిపితే కాయలోని నీరు, ద్రావణి రెండు పొరలుగా విడిపోతాయి. ఈ మిశ్రమాన్ని సెంట్రిఫ్యూజ్‌లో వేగంగా తిప్పి పైపొరను తీసుకుంటారు. అందులో మందు అవశేషాలతో పాటు కాయలోని ఆమ్లాలు, చక్కెరలు, రంగుపదార్థాలు కూడా ఉంటాయి. వాటిని పీల్చుకునే పొడులను చేర్చి ద్రావణాన్ని శుద్ధిచేస్తారు. తోటకూర, గోంగూర వంటి ఆకుకూరలకు పత్రహరితాన్ని తొలగించే కార్బన్ పొడి కూడా అవసరమవుతుంది. అయితే అది ఎక్కువైతే కొన్ని మందులను కూడా పీల్చుకుంటుంది.

శుద్ధిచేసిన ద్రావణాన్ని క్రొమటోగ్రాఫ్‌లోకి పంపుతారు. పొడవైన సన్నని గొట్టంలో ప్రయాణించేటప్పుడు ఒక్కొక్క రసాయనం ఒక్కొక్క వేగంతో కదిలి, నిర్ణీత సమయానికి బయటికి వస్తుంది. ఆవిరి కాగలవాటికి గ్యాస్ క్రొమటోగ్రఫీని, వేడికి తట్టుకోలేనివాటికి లిక్విడ్ క్రొమటోగ్రఫీని వాడతారు. బయటికి వచ్చిన అణువులను మాస్ స్పెక్ట్రోమీటర్ ముక్కలుచేసి ఆ ముక్కల ద్రవ్యరాశిని కొలుస్తుంది. బయటికి వచ్చిన సమయం, ముక్కల ద్రవ్యరాశులు, వాటి నిష్పత్తి మూడూ ప్రామాణిక రసాయనంతో సరిపోలితేనే ఆ మందు ఉన్నదని నిర్ధారిస్తారు.

యంత్రం చూపిన అంకెను నమ్మేముందు మరొక సరిచూపు ఉంది. మందు లేని వంకాయ ముద్దకు తెలిసిన పరిమాణంలో మందును కలిపి, అదే పద్ధతిలో పరీక్షిస్తారు. కలిపినదానిలో 70 నుంచి 120 శాతం వరకు తిరిగి లభిస్తే పద్ధతి ఆమోదయోగ్యమని అంతర్జాతీయంగా పాటించే ప్రమాణం. వంకాయకు సరిపడిన పద్ధతి మునగాకుకు సరిపడుతుందో లేదో మళ్ళీ చూసుకోవాలి.

5. బహుళ అవశేష పరీక్షకు అందనివి

పైన చెప్పిన విధానాన్ని బహుళ అవశేష పరీక్ష అంటారు. ఒకే పర్యాయం వందకు పైగా మందులను వెతకగలగడం దీని బలం. జాబితాలో లేని మందును ఇది వెతకదు. యంత్రానికి ప్రామాణిక రసాయనంగా ముందే పరిచయం చేసినవాటినే గుర్తిస్తుంది.

జాబితాను ఎంత పెంచినా ఈ పద్ధతికి లొంగనివి కొన్ని ఉన్నాయి. మాంకోజెబ్ వర్గపు తెగుళ్లమందులు సాధారణ ద్రావణులలో కరగవు. వాటిని ఆమ్లంతో విచ్ఛిన్నంచేసి, వెలువడే కార్బన్ డైసల్ఫైడ్‌ను కొలవాలి. గ్లైఫోసేట్, పారాక్వాట్ వంటి కలుపుమందులు నీటిలో అమితంగా కరిగేవి. అవి అసిటోనైట్రైల్ పొరలోకి రాక నీటిపొరలోనే నిలిచిపోతాయి. వాటికి వేరే పద్ధతి కావాలి. సీసం, కాడ్మియం, ఆర్సెనిక్ వంటి లోహాలు ఈ పరీక్ష పరిధిలోకే రావు. వాటికి యంత్రమే వేరు.

ఈ సాంకేతిక వివరం ఉద్దానానికి నేరుగా సంబంధించినది. ఇటువంటి వ్యాధితోనే బాధపడుతున్న శ్రీలంక ఉత్తరమధ్య రాష్ట్రం విషయంలో గ్లైఫోసేట్, కఠినజలం, లోహాలు కలిసి మూత్రపిండాలకు హాని చేస్తున్నాయన్న ప్రతిపాదన 2014లో వెలువడింది. 2015లో ఆ దేశం గ్లైఫోసేట్‌ను నిషేధించి, 2018లో తేయాకు, రబ్బరు తోటలకు సడలింపు ఇచ్చింది. ఆ ప్రతిపాదన శాస్త్రవేత్తల మధ్య ఇంకా వివాదాస్పదమే. అయితే దానిని ఉద్దానంలో పరిశీలించదలచినవారు బహుళ అవశేష పరీక్ష నివేదికను చూపి 'ఇక్కడ ఆ సమస్య లేదు' అనడం సరికాదు. ఆ పరీక్ష గ్లైఫోసేట్‌ను గాని, కాడ్మియంను గాని వెతకనేలేదు.

2020 డిసెంబరులో ఏలూరులో జరిగినది ఇందుకు సమీప నిదర్శనం. మూర్ఛ, కళ్ళు తిరగడం వంటి లక్షణాలతో ఆరు వందల మందికి పైగా ఆసుపత్రుల పాలయ్యారు. ఢిల్లీ ఎయిమ్స్ రక్తనమూనాలలో సీసం, నికెల్ ఉన్నట్లు తెలిపింది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పురుగుమందుల అవశేషాలవైపు దృష్టి సారించింది. చివరకు పురుగుమందుల అవశేషాలే ప్రధాన కారణం కావచ్చునని, అవి శరీరంలోకి ఎలా చేరాయో తెలియడానికి దీర్ఘకాలిక అధ్యయనం కావాలని నిపుణులు సూచించారు. ఏ సంస్థ ఏ పరీక్ష చేసిందో గమనించని పాఠకునికి ఆ ప్రకటనలు పరస్పర విరుద్ధాలుగా తోచాయి. నిజానికి అవి వేర్వేరు ప్రశ్నలకు వచ్చిన వేర్వేరు జవాబులు.

6. పరిమితి అనే అంకె

భారతదేశంలో ఆహారంలోని అవశేషాలకు గరిష్ఠ పరిమితులను భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ 2011 నాటి నియమావళి ద్వారా నిర్ణయిస్తుంది. ప్రతి మందుకు, ప్రతి పంటకు పరిమితి వేరుగా ఉంటుంది. పరిమితి నిర్ణయించని సందర్భంలో కిలోకు 0.01 మిల్లీగ్రాము అనే సాధారణ పరిమితిని వర్తింపజేయడం ఆ నియమావళిలోని సూత్రం. వంద టన్నుల కూరగాయలలో ఒక గ్రాము మందు ఉంటే ఎంతో, ఆ పరిమితి అంత.

గరిష్ఠ అవశేష పరిమితి విషానికి, నిర్విషానికి మధ్య గీసిన గీత కాదు. సిఫారసు చేసిన మోతాదులో మందు కొట్టి, నిర్ణీత కాలం వేచి ఉండి కోస్తే పంటపై ఎంత మిగులుతుందో క్షేత్రప్రయోగాలలో కొలుస్తారు. ఆ అంకె ఆధారంగా పరిమితిని ప్రతిపాదించి, ఆ మేరకు అవశేషమున్న ఆహారం తిన్నా ఆరోగ్యానికి ముప్పు లేదని విడిగా సరిచూస్తారు. ఆ సరిచూపుకు ఆధారం దినసరి అనుమత పరిమాణం. జంతువులపై హాని కనిపించని మోతాదును సాధారణంగా వందతో భాగించి దీనిని లెక్కిస్తారు.

ఒక ఊహాత్మక ఉదాహరణ చూడవచ్చు. కిలో వంకాయలలో 0.5 మిల్లీగ్రాముల మందు ఉన్నదనుకుంటే, రెండు వందల గ్రాముల వంకాయలు తిన్న వ్యక్తికి 0.1 మిల్లీగ్రాము చేరుతుంది. అతని బరువు 50 కిలోలైతే కిలో శరీరబరువుకు 0.002 మిల్లీగ్రాములు. ఆ మందుకు దినసరి అనుమత పరిమాణం 0.01 అయితే, పంట పరిమితి 0.2 మాత్రమే అయినప్పటికీ, ఆ భోజనం ఆరోగ్య పరిమితిలో అయిదో వంతు. అంటే పరిమితిని మించడం చట్ట ఉల్లంఘన, తప్పుడు సేద్యానికి సాక్ష్యం. అదే వ్యాధికి సాక్ష్యం కాదు. దీనికి మరో పార్శ్వం కూడా ఉంది. ఒకే రోజు తినే అన్నం, పప్పు, కూర, నీరు అన్నింటి ద్వారా చేరేదాన్ని కలిపి లెక్కించాలి. మూత్రపిండాలు అప్పటికే దెబ్బతిన్న వ్యక్తికి ఆరోగ్యవంతుని లెక్క యథాతథంగా వర్తిస్తుందని భావించలేం.

7. 'గుర్తించబడలేదు' – 'లేదు'

నివేదికలలో తరచుగా కనిపించే మాటలు మూడు. మొదటిది 'గుర్తించబడలేదు'. వెతికిన మందు యంత్రం గుర్తించగల స్థాయిలో లేదని దీని భావం. రెండవది 'పరిమాణ నిర్ధారణ పరిమితికి దిగువన ఉన్నది'. జాడ కనిపించినా నమ్మకంగా అంకె చెప్పగలిగినంత లేదని భావం. మూడవది అంకె. ఆ అంకెకు కూడా అనిశ్చితి ఉంటుంది. ఐరోపా సంఘపు మార్గదర్శకాలు 50 శాతం అనిశ్చితిని సాధారణ విలువగా స్వీకరిస్తాయి. దాని ప్రకారం 0.10 అన్న ఫలితాన్ని 0.05 నుంచి 0.15 వరకు గల వ్యాప్తిగా చదవాలి.

ఈ మూడు మాటలూ పత్రికావార్తలోకి, గ్రామసభలోకి వచ్చేసరికి 'ఉంది', 'లేదు' అన్న రెండు మాటలుగా కుదించుకుపోతాయి. తెలుగులో 'లేదు' అస్తిత్వాన్నే నిరాకరించే క్రియ. 'గుర్తించబడలేదు' అన్నది వెతికినవాని సామర్థ్యాన్ని కూడా చెప్పే వాక్యం. కర్మణి ప్రయోగం తెలుగు వాడుకకు సహజం కాదన్న అభ్యంతరంతో దానిని 'లేదు' అని సరళీకరిస్తే శైలి మెరుగుపడవచ్చు గాని అర్థం మారిపోతుంది. 'వెతికిన 120 మందులలో ఏదీ కిలోకు 0.01 మిల్లీగ్రాముకు మించి కనబడలేదు' అన్న వాక్యం సహజమైన తెలుగే, శాస్త్రీయంగానూ సరైనదే. ఎన్ని వెతికారు, ఎంతవరకు చూడగలిగారు అనే రెండు వివరాలు ఆ ఒక్క వాక్యంలో ఇమిడి ఉన్నాయి.

8. ఉద్దానానికి అన్వయం

కూరగాయల పరీక్ష ఉద్దానానికి ఏమి చెప్పగలదు? నేడు సంతకు వస్తున్న పంటలో నిషిద్ధ మందులు ఉన్నాయా, వేచి ఉండవలసిన కాలాన్ని రైతులు పాటిస్తున్నారా, ఏ పంటలో సమస్య ఎక్కువ అనే ప్రశ్నలకు అది స్పష్టంగా జవాబివ్వగలదు. ఏ గ్రామంలో రైతుశిక్షణ అవసరమో చూపగలదు.

వ్యాధికారణాన్ని మాత్రం అది ఒక్కటే తేల్చలేదు. నేటి పంటపై ఉన్న అవశేషం గడచిన రోజులు, వారాల పిచికారీకి గుర్తు. మూత్రపిండాలు దెబ్బతినడం ఏళ్ల తరబడి సాగే ప్రక్రియ. ఇరవై ఏళ్ల కిందట తోటలో వాడిన మందు జాడ నేటి బెండకాయలో వెతికితే దొరకదు. అంతేగాక తినడం ఒక్కటే దారి కాదు. వీపున స్ప్రేయరు మోస్తూ మందు కొట్టే కూలీ శరీరంలోకి చర్మం ద్వారా, శ్వాస ద్వారా చేరే పరిమాణాన్ని కూరగాయ నమూనా కొలవదు. దానికి రక్తం, మూత్రం పరీక్షించాలి. ఎవరు ఎన్నేళ్లు ఏ పని చేశారో నమోదు చేయాలి.

2023 డిసెంబరు 14న పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. హిరమండలం జలాశయం నుంచి వంశధార నీటిని ఉద్దానం గ్రామాలకు అందించే పథకం కూడా అదే రోజు మొదలైంది. తాగునీరు మారిన ఈ తరుణం పరిశోధన దృష్ట్యా కీలకమైనది. ఇకపై వ్యాధి తగ్గుముఖం పడుతుందా, లేదా అన్నది గమనించేటప్పుడు ఆహారం ద్వారా చేరేవాటి లెక్క కూడా ఏటేటా ఒకే పద్ధతిలో నమోదై ఉండాలి. అప్పుడే నీటి మార్పు ప్రభావాన్ని మిగిలిన అంశాల నుంచి వేరుచేసి చూడడం సాధ్యమవుతుంది. ఒకసారి తీసిన పది నమూనాల నివేదిక వార్తకు సరిపోతుంది గాని ఇటువంటి పోలికకు సరిపోదు.

9. ముగింపు

అవశేష పరీక్ష నివేదికను ఉదహరించే పరిశోధకులు, అధ్యాపకులు నాలుగు ప్రశ్నలు వేసుకోవలసి ఉంటుంది. నమూనా ఎక్కడ, ఎప్పుడు, ఎన్ని కాయలతో తీశారు? ఏయే మందులను వెతికారు, ఏవి జాబితాలో లేవు? ఎంత తక్కువ పరిమాణం వరకు చూడగలిగారు? ఫలితాన్ని పంట పరిమితితో పోల్చారా, ఆరోగ్య పరిమితితో పోల్చారా? ఈ నాలుగింటికి జవాబు దొరకని నివేదికను వ్యాధికి అనుకూల సాక్ష్యంగా గాని, ప్రతికూల సాక్ష్యంగా గాని వాడరాదు.

ప్రయోగశాల నివేదికలు ప్రధానంగా ఆంగ్లంలో వెలువడుతున్నాయి. ఉద్దానం రైతుకు, రోగికి అవి తెలుగు వార్తలుగా, తెలుగు ఉపన్యాసాలుగా చేరుతున్నాయి. నివేదికతో పాటు వెతికిన మందుల జాబితాను, గుర్తింపు పరిమితిని, పరీక్ష పరిధిలోకి రానివాటిని తెలిపే ఒక పుట తెలుగు సారాంశాన్ని జతచేయడం ఖర్చుతో కూడిన పని కాదు. దాని రూపకల్పనలో రసాయనశాస్త్ర విభాగాలతో పాటు తెలుగు శాఖలు కూడా పాలుపంచుకోవలసి ఉంది. ఉత్తరాంధ్ర వాడుకలోని మందుల పేర్లకు, వాటి రసాయన నామాలకు పొంతన కుదిర్చే పట్టికను సిద్ధం చేయడం ఆ దిశలో తొలి పని కాగలదు.